బాండ్లు, బాండీలు

ఫిబ్రవరి 9

ఎర్ర పెన్సిలు అమ్మాయికి,

మీ వదిన దీవెనలు. నువ్వు ఫోనులో అంత గట్టిగా చెప్పాక కాదనలేక బాండీలు రెండూ లోపల పెట్టేశాను. పెద్దది అలమార పై అరలో, చిన్నది దాని మీద బోర్లా. రోజూ వాడుకునే సామాను బయట ఉంచితే పన్ను ఎందుకు పడుతుందో నాకు అంతుపట్టలేదు. కానీ నువ్వు ప్రెస్సులో పదిరకాల పుస్తకాలు దిద్దే మనిషివి, కొత్త చట్టమేదో వచ్చి ఉంటుందనుకున్నాను. నాలుగు రోజులపాటు అన్నీ గిన్నెలోనే వేయించుకుని, మాడ్చుకుని తిన్నాను. నిన్న పక్కింటి టైలరమ్మతో ఈ సంగతి చెప్తే ఆవిడ కుట్టుమిషను మీద తల వాల్చి నవ్వింది. నువ్వు చెప్పింది బాండీలు కాదట, బాండ్లట. మీ అన్నయ్య కొనిపెట్టి పోయిన బాండ్లు.

నవ్వు అయిపోయిందా? ఇప్పుడు రెండో సంగతి. ఫ్యాక్టరీకి వచ్చే చెవుల డాక్టరు పోయిన వారం నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, కూత వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. ఎంతసేపటికీ మొదలుపెట్టడేమిటా అని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. చివరికి తలుపు తీసి, పరీక్ష అయిపోయింది రమ్మన్నాడు. కుడి చెవి సగానికి పైగా పోయిందట. ఎడమది దాని వెనకే నడుస్తోందట. ఇంకా ఆ మేకుల మిషన్ల మధ్య నిలబడితే, చెవిలో పెట్టుకునే మిషను కూడా పనిచేయని రోజు వస్తుందని కాగితం మీద రాసి చూపించాడు. అందుకని ఈ ఏడాది ఆఖరుకి దిగిపోదామనుకుంటున్నాను.

ఇకమీదట మనకు ఫోను వద్దు. నువ్వు అరుస్తావు, నేను అర్థమైనట్టు ఊఁ కొడతాను, ఆ తర్వాత గిన్నెలు సర్దుకుంటాను. ఏదైనా కాగితం మీద రాయి, కళ్ళు బాగానే ఉన్నాయి. ఇంతకీ ఆ బాండ్లను ఏ లోపల పెట్టాలి? మీ అన్నయ్య వాటిని కొన్నప్పుడు నాతో ఒకే మాట అన్నాడు, "ఇది నిద్రపోయే డబ్బు, లేపకు" అని. నేను లేపలేదు.

నీ గోడమీద క్యాలెండరు ఊడి పడుతోందన్నావు కదా, దీనితో మూడు మేకులు పంపుతున్నాను. కొత్త అచ్చులోవి. తల చిన్నది, కాలు పొడుగు, నీలాగా.

ఇట్లు,
మేకుల వదిన

ఫిబ్రవరి 17

వదినకి,

నమస్కారం. మీ ఉత్తరాన్ని ప్రెస్సులో విప్పడం నాదే పొరపాటు. బాండీల దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగలేదు. పక్క బల్ల దగ్గర అక్షరాలు పేర్చే ఆయన నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ తర్వాతి పేరా చదివాక అంతసేపు నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఇంత జరుగుతుంటే ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం? మీరు దిగిపోవాలనుకోవడం చాలా మంచి పని. మేకుల్ని పెట్టెల్లో సర్దే గది గోడకు అవతలివైపు ఉంటుందని ఒకప్పుడు చెప్పారు. అందులోకి మారితే మోత ఉండదు, జీతమూ ఆగదు.

ఇక బాండ్ల సంగతి. నేనిప్పుడు దిద్దుతున్నది పొదుపు మీద రాసిన పుస్తకం. రాసినాయనకు కామాలంటే పగ గానీ విషయం మాత్రం తెలిసినవాడు. మీకు రెండు ఖాతాలున్నాయి. ఒకటి ఫ్యాక్టరీవాళ్ళు మీ జీతంలోంచి కోసి వేసే రిటైర్మెంట్ ఖాతా. మీకు అరవై నిండేదాకా దానికి తాళం, ముందే తీస్తే జరిమానా. కానీ లోపల ఉన్నంతకాలం దాని వడ్డీ జోలికి పన్నువాళ్ళు రారు, మీరు తీసుకున్న రోజున అడుగుతారు. రెండోది బ్యాంకులో మీ మామూలు ఖాతా. దాంట్లోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, కానీ అందులో వచ్చిన వడ్డీకి ఏ ఏడు పన్ను ఆ ఏడే కట్టాలి.

బాండు అంటే మీరు ఒకరికి ఇచ్చిన అప్పు. ఏటా వడ్డీ ఇస్తుంది, ఏటా పన్ను తెస్తుంది. షేరు అంటే కంపెనీలో చిన్న ముక్క. దాని ధర పెరిగినా, మీరు అమ్మేదాకా ఎవరూ ఏమీ పెద్దగా అడగరు. అందుకని బాండ్లు తాళం లోపల, షేర్లు బయట ఉంటే మేలంటాడు ఆయన. మీకేమో ఫ్యాక్టరీ గుమాస్తా లోపల అన్నీ షేర్లు పెట్టాడు, అన్నయ్య బయట అన్నీ బాండ్లు కొన్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది. బయట బాండ్లు అమ్మి షేర్లు కొని, లోపల అంతకు అంత షేర్లు అమ్మి బాండ్లు కొంటే సరి. మొత్తం మీద ఏవీ పెరగవు, తగ్గవు, గదులు మాత్రం మారతాయి. పన్నుకు పోయేది మీకు మిగులుతుంది.

నా సంగతులు చెప్పాలంటే, ఇంటాయన ఈ మేడ మొత్తాన్ని ఏదో కంపెనీకి ఆఫీసుగా ఇస్తున్నాడట. వానలు ముగిసేసరికి ఖాళీ చెయ్యమన్నాడు. మూడో అంతస్తు మెట్లెక్కే బాధ తప్పుతుందని మోకాలు సంతోషిస్తోంది. మిగతా నేను ఇళ్ళు వెతుక్కుంటున్నాను.

మీ ఉత్తరంలో తప్పులు రెండే. "అంతుపట్టలేదు" అన్నచోట వత్తు మరిచారు. "నాలుగు" లో కొమ్ము లేదు. మునుపటికంటే చాలా నయం.

ప్రేమతో,
మీ ఎర్ర పెన్సిలు

మార్చి 3

ఎర్ర పెన్సిలుకి,

వత్తులూ కొమ్ములూ అందాయి. జాగ్రత్తగా దాచుకున్నాను. మీ అన్నయ్య కూడా పెళ్ళయిన కొత్తలో నా చీటీలు చూసి నవ్వేవాడు. ఒకే అచ్చులో పుట్టినవాళ్ళు కదా మీరిద్దరూ.

నువ్వు చెప్పినది రెండుసార్లు చదివాక అర్థమైంది. రాసినాయన తెలివైనవాడే, ఒప్పుకుంటాను. ఏటా పన్ను కాగితం వచ్చినప్పుడల్లా నేనూ తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ నువ్వొకటి పొరబడ్డావు. దిగిపోతానంటే సర్దే గదిలోకి కాదు. ఆ గదికి ఇప్పుడు మిషన్లు తెచ్చారు, పెట్టెలు కొట్టే మిషన్లు. మోతకు మోత, పైగా దుమ్ము. నేను ఫ్యాక్టరీయే మానేస్తున్నాను.

అప్పుడు చూడు లెక్క. అరవై నిండడానికి ఇంకా మూడేళ్ళుంది. జీతం ఉండదు. లోపలి ఖాతాకేమో తాళం. బాండ్లన్నీ అందులో వేసి తాళం పెట్టేస్తే ఈ మూడేళ్ళూ తినేదేమిటి? బయట పెట్టిన షేర్లు ఆ ఏడు పడిపోతే? అదే బాండ్లు బయటే ఉంటే, ఒక్కో ఏడూ కొన్ని గడువు తీరి చేతికొస్తాయి. పన్ను పోతే పోయింది. కొంచెం చూసుకుని ఖర్చుపెడితే మూడేళ్ళు మనం వాటి మీద బతకొచ్చు. నేను టైలరమ్మతో కూర్చుని వేళ్ళమీద లెక్కేశాను, ఆవిడ కొలతల్లో ఎప్పుడూ పొరబడదు.

ఇంకో మాట. నువ్వు ప్రూఫులు పరుచుకునే బల్ల పొడుగెంత? వెలుతురు నీకు ఎడమ పక్క నుంచి రావాలా, కుడి పక్క నుంచా? ఊరికే అడుగుతున్నాను. ఇంటి ముందు గది, మీ అన్నయ్య కూర్చుని గడియారాలు విప్పుకునేది, దులిపించాను. ఎన్ని చిన్న చక్రాలు దొరికాయో, చీపురు నిండా. కిటికీ ఉత్తరం వైపుది కదా, పొద్దస్తమానం ఒకే వెలుతురు, కళ్ళకు గుచ్చుకోదు.

కొత్త ఇల్లేమైనా దొరికిందా? తొందరపడి ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

మీ వదిన

మార్చి 12

వదినకి,

మానేస్తారా? ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఉద్యోగాన్ని? డాక్టరు మిషన్ల హాలు వదలమన్నాడు గానీ ఫ్యాక్టరీని వదలమనలేదు కదా. గేటు దగ్గర హాజరు వేసే పని అడగకూడదా? సరే, చెవులు మీవి. నేనక్కడ నిలబడి ఒక్క పూట కూడా పని చెయ్యలేదు, నోరు మూసుకుంటాను.

కానీ బాండ్ల విషయంలో మూసుకోను. మీ సందేహానికి ఆ పుస్తకంలో జవాబుంది, నూట పదో పేజీ. బయట డబ్బు కావాల్సి వస్తే కాసిని షేర్లు అమ్మండి. అదే రోజున లోపల అంత విలువకు బాండ్లు అమ్మి షేర్లు కొనండి. పడిపోయిన ధరకు అమ్మినా, అదే ధరకు లోపల కొన్నారు కాబట్టి పోయిందేమీ లేదు. నిజానికి మీరు ఖర్చుపెట్టినవి బాండ్లే అవుతాయి, తాళం తియ్యకుండానే. నాకు ఈ వాక్యం ఎంత నచ్చిందంటే, కామాలు లేకపోయినా క్షమించాను.

ఇళ్ళు చూస్తున్నాను. ఒకదానికి కిటికీ ఉంది గానీ అది పక్కవాళ్ళ వంటగదిలోకి తెరుచుకుంటుంది. ఇంకోదానికి కిటికీయే లేదు, ఇంటావిడ గర్వంగా ఫ్యాను చూపించింది. మూడోది బాగుందనుకునేలోగా పైనుంచి నీళ్ళు కారాయి. ఎక్కడా మంచం, బల్ల రెండూ పట్టవు. బల్ల మీద పడుకోవడం అలవాటు చేసుకోవాలేమో. అడిగారు కాబట్టి చెప్తున్నాను, అది మంచమంత పొడుగు. వెలుతురు ఎడమ పక్క నుంచి రావాలి, లేకపోతే నా చెయ్యి నీడ అక్షరాల మీద పడుతుంది. గుడ్డ కుడుతున్నారా దానికి? సిరా పడుతుంది, ముదురు రంగు తీసుకోండి.

ఈసారి తప్పు ఒకటే, అదీ వ్యాకరణంలో. "మూడేళ్ళు మనం వాటి మీద బతకొచ్చు" అని రాశారు. అన్నయ్య పోయాక కూడా మీకు ఆ బహువచనం అలవాటు పోలేదు, నాకు తెలుసు. కానీ "మనం" అంటే ఎదుటి మనిషిని, అంటే నన్ను కూడా కలుపుకున్నట్టు. అది ఇక్కడ కుదరదు. "నేను" అని ఉండాలి. కొట్టేసి దిద్దాను. ఆ కాగితం తిప్పి పంపుతున్నాను, చూసుకోండి.

మీ
ఎర్ర పెన్సిలు

ఏప్రిల్ 6

అమ్మాయికి,

ఆలస్యమైంది. రాయబుద్ధి కాలేదు.

నువ్వు దిద్ది పంపిన కాగితం చూశాను. కుదరదన్నావు, సరే. నేను అనే రాసుకుంటాను.

ఆలోచిస్తే నువ్వు చెప్పిందే బాగుందనిపిస్తోంది. బాండ్లన్నీ లోపల పెట్టేస్తాను. ఫోర్‌మన్‌తో కూడా చెప్పాను, మానడం లేదని. అతను సంతోషించాడు, కొత్తవాళ్ళకు ఆ మిషను లొంగదు. దూది పెట్టుకుంటాను. మూడేళ్ళెంతలో పోతాయి? చెవులు మిగుల్చుకుని ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుంటే వినడానికేముంది, గోడ గడియారం తప్ప. అది కూడా మీ అన్నయ్య పోయాక ఆగిపోయింది.

ముందు గది ఊరికే పడివుంది. టైలరమ్మ ఎరుకలో ఎవరో ఉద్యోగస్తుడున్నాడట, అద్దెకు అడిగాడు. చూస్తాను.

బ్యాంకువాళ్ళు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. మే రెండున వెళ్ళి సంతకం పెట్టాలి. ఒకసారి లోపల పెడితే అరవై దాకా ఇక ఆ ఊసు ఉండదన్నారు. మంచిదే.

ఉంటాను.

వదిన

ఏప్రిల్ 13

వదినగారికి,

గారు అని ఎందుకు రాశానో మీకు తెలుస్తుంది. కోపమొచ్చినప్పుడు నాకు మర్యాద ఎక్కువవుతుంది.

బాండ్ల విషయంలో నా మాట విన్నారు, ఒక నిమిషం సంతోషించాను. మిగతా ఉత్తరం చదివాక ఆ నిమిషం కూడా వృథా అనిపించింది. పోయిన నెల మానేస్తానన్నారు, ఈ నెల దూది పెట్టుకుంటానంటున్నారు. దూది పెట్టుకుంటే ఆగే మోత అయితే డాక్టరు అద్దాల గది ఎందుకు కట్టించుకున్నాడు? పన్నులో నాలుగు రాళ్ళు మిగులుతాయని నేను చెప్పింది నిజమే, కానీ చెవులు పోగొట్టుకుని మిగుల్చుకోమని చెప్పానా?

పైగా అన్నయ్య గది అద్దెకా? ఎవరో ముక్కూమొహం తెలియని ఉద్యోగస్తుడికి? అందులో వాడు బూట్లతో తిరుగుతాడు. ఇది మీ ఇల్లు, మీ ఇష్టం, నేను ఎవర్ని అడగడానికి? అయినా నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది? నన్ను అడగాల్సిన పని లేదనుకున్నారా, లేక ఆయన పోయాక నేను కూడా పోయినట్టేనా?

గుడ్డ కుట్టనవసరం లేదు. బల్లను అమ్మేస్తున్నాను, కొత్త గదిలో పట్టదు. ఫ్యాను ఉన్న గదే తీసుకుంటున్నాను. నెలాఖరున అడ్వాన్సు ఇస్తాను.

భవదీయ,
ఆడపడుచు

ఏప్రిల్ 20

ఆడపడుచుగారికి,

మర్యాద నాకూ వచ్చు.

నాతో ఒక్క మాట అనలేదంటావా? అన్నాను. నిన్ను అడిగాను. చక్కగా, కాగితం మీద, వత్తులూ కొమ్ములూ సరిచూసుకుని అడిగాను. జవాబు ఎర్రగా వచ్చింది. అది కుదరదు అని నువ్వే రాశావు, నీ చేత్తోనే కొట్టేశావు. తిప్పి కూడా పంపావు, నేను మళ్ళీ మరిచిపోకుండా. ఇప్పుడు గది ఎవరికిస్తే నీకెందుకు?

బల్ల కొలత గుడ్డ కోసం అడుగుతారా ఎవరైనా? నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని నీకు తెలియదూ?

ఒకసారి నా మార్చి ఉత్తరం చదువు. నీ దగ్గర కాగితం లేదు, నాకే పంపించావు కదా. అందుకని మళ్ళీ నీకే పంపుతున్నాను. ఈసారి పెన్సిలు పక్కన పెట్టి చదువు. నీకు చదవడం వచ్చని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను, వచ్చింది దిద్దడమేనేమో.

వదిన

ఏప్రిల్ 25

వదినా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రెండో తేదీలోగా చేరాలి. చేరకపోతే అన్న భయంతో టైలరమ్మగారికి కూడా ఫోను చేశాను. మీ ఇంటికి వచ్చి, బ్యాంకుకి వెళ్ళొద్దని మీ ఎదురుగా నిలబడి చెప్పమన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. "నీకిప్పుడు అర్థమైందా?" అని మాత్రం అంది. అంటే ఆవిడకు మార్చిలోనే తెలుసు. ఆ వీధిలో అందరికీ తెలుసేమో, నాకు తప్ప.

నా బతుకంతా ఇతరులు రాసినవి చదివి బతికాను. ఒక్క పొల్లు జారినా పట్టుకుంటానని పేరు. నా కోసం, నన్ను ఉద్దేశించి, నన్ను కలుపుకుని ఒక మనిషి ఒక మాట రాస్తే, అది తప్పని కొట్టేసి, సూత్రం కూడా చెప్పి తిప్పి పంపాను. "మనం" అంటే నన్ను కూడా కలుపుకున్నట్టు అని నేనే రాశాను, చూడండి, నా అక్షరాలతోనే. రాసి కూడా నాకు తట్టలేదు. నన్ను ఎవరైనా కలుపుకుంటారన్న ఊహ నాకు లేకపోయింది వదినా. అంతకంటే వేరే కారణం లేదు. అది చదివి మీకు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

మా పనిలో ఒక గుర్తుంది. మంచి మాటను పొరపాటున కొట్టేస్తే, దాని కింద వరుసగా చుక్కలు పెట్టి, అంచున "ఉండనివ్వాలి" అని రాస్తాం. అప్పుడు కంపోజిటరు నా గీతను పట్టించుకోడు, ఉన్నది ఉన్నట్టు పేరుస్తాడు. మీ కాగితం దీనితో పంపుతున్నాను. "నేను" కొట్టేశాను. "మనం" కింద చుక్కలు పెట్టాను. కొంచెం ఎక్కువే పడ్డాయి.

ఇక బాండ్లు. బాగా ఆలోచించే రాస్తున్నాను, ఏడుస్తూ కాదు. పుస్తకం రాసినాయన చెప్పినది తప్పు కాదు. కానీ ఆయన ఏ పేజీలోనూ, మీరు ఎప్పుడు పని మానతారు అని అడగలేదు. నేనూ అడగలేదు. ధర పడిన రోజున గుండె చిక్కబట్టుకుని బయట అమ్మి, లోపల కొని, రెండు లెక్కలూ సరిపెట్టుకునే మనుషులకు నూట పదో పేజీ పనికొస్తుంది. మీరు అలాంటి మనిషి కారు, నేను అంతకంటే కాదు. కాబట్టి ఇలా చేద్దాం. మూడేళ్ళకు సరిపడా బాండ్లు బయటే ఉండనివ్వండి, ఒక్కో ఏడూ గడువు తీరేలా. వాటి వడ్డీకి పన్ను కడదాం, మీ చెవులకు కట్టే అద్దె అనుకుందాం. ఆ మూడేళ్ళకు అక్కర్లేని బాండ్లు మాత్రం లోపలికి మార్చుకుందాం, అక్కడైనా పుస్తకం మాట చెల్లనివ్వండి. నా జీతం ఉండనే ఉంది. ప్రూఫులు పోస్టులో వస్తాయి, పోస్టులో పోతాయి. ప్రెస్సులో అడిగాను. మేనేజరు ఎవరి దగ్గరికి వెళ్తున్నావన్నాడు. "మా ఇంటికి" అన్నాను.

అన్నాక ఆగి చూసుకున్నాను. ఆయన ఆ ఇంట్లో ఉండడు కాబట్టి "మా" అనడం సరైనదే. మీతో చెప్పేటప్పుడు మాత్రం "మన ఇంటికి".

ఫ్యాను గదికి అడ్వాన్సు ఇవ్వలేదు. బల్ల అమ్మలేదు. ఆ ఉద్యోగస్తుడికి ఏం చెప్పారు?

మీ, మన,
ఎర్ర పెన్సిలు

మే 4

ఎర్ర పెన్సిలుకి,

ఉద్యోగస్తుడూ లేడు, గిద్యోగస్తుడూ లేడు. కోపంలో పుట్టించాను. వాడి బూట్లకు కూడా నువ్వు అంత బాధపడతావనుకోలేదు. బాధపడ్డావని చదివి ఆ పూట కడుపు నిండా తిన్నాను, పాపం తగిలితే తగలనీ.

టైలరమ్మ మెడలో కొలత టేపు వేలాడదీసుకునే పరుగెత్తుకొచ్చింది. ఆవిడ చేతులూపుతూ చెప్పినదాంట్లో నాకు ఒక్క ముక్క వినపడలేదు, కానీ అర్థమైంది. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. చుక్కలు లెక్కపెట్టలేదు. ఆ కాగితం అద్దం కిందికి దూర్చాను, పొద్దున్నే జడ వేసుకునేటప్పుడు కనపడుతుంది.

రెండో తేదీన బ్యాంకుకి వెళ్ళాను, వేరే కాగితం మీద సంతకం పెట్టడానికి. కొన్ని లోపలికి, మూడేళ్ళవి బయటే. గుమాస్తా అమ్మాయి బయట ఉంచితే పన్ను పడుతుందండీ అని నా చెవి దగ్గర గట్టిగా చెప్పింది. తెలుసమ్మా, మా ఇంట్లో దాని మీద పెద్ద పుస్తకమే నడిచిందన్నాను. ఎంతమంది ఉంటారండీ ఇంట్లో అని అడిగింది. ఇద్దరం అన్నాను.

ఫోర్‌మన్‌కి మళ్ళీ చెప్పాను, ఈసారి రాసి ఇచ్చాను. ఏడాది ఆఖరు దాకా ఆగను, వానలు మొదలయ్యేలోపే ఆఖరి రోజు. అతను నా మిషను చేసిన మేకులే ఒక పెట్టెడు బహుమతిగా ఇచ్చాడు. ఇన్ని మేకులు ఏం చేసుకోవాలో, నీ క్యాలెండర్లన్నీ తెచ్చుకో.

ముందు గదిలో టైలరమ్మా నేనూ బల్లకు చోటు కొలిచాం. కిటికీ ఎడమ పక్కకే వస్తుంది. నువ్వు వచ్చాక గట్టిగా మాట్లాడక్కర్లేదు, నాకు ఎదురుగా కూర్చుని మాట్లాడితే చాలు, పెదవులు చూసి పట్టుకుంటాను. పొరపాటు పడితే దిద్దు.

బాండ్లు బయటే ఉన్నాయి. బాండీలు కూడా తీశాను. ఒక్కదానికి చిన్నది సరిపోయేది. పెద్దది తోమి పొయ్యి పక్కన పెట్టాను.

నీ
వదిన